అంటించే వైరస్సా, అంటు కట్టే వైరస్సా?

మహబూబాబాద్ వైపు నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వద్దన్నారు కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాం.

ఆయన వయసు 27. తీవ్రమైన హీమోఫిలియా-ఏ, అంటే రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు ఉంది. గడ్డకట్టడానికి కావలసిన ఫ్యాక్టర్ 8 అనే ప్రొటీన్ ఒక శాతం కన్నా తక్కువ. మేనమామకూ ఇదే జబ్బు. పదేళ్ల వయసులో పన్ను పీకించుకుంటే రక్తం ఆగక చనిపోయాడు. ఈయనకు కుడి మోకాలు పూర్తిగా వంగదు, ఎడమ మోచెయ్యి పూర్తిగా చాపలేడు. ప్రభుత్వ ఆసుపత్రిలో దొరికినప్పుడు వారానికి రెండుసార్లు ఫ్యాక్టర్ ఎక్కించుకుంటాడు, దొరకనప్పుడు ఐసు పెట్టుకుని పడుకుంటాడు. రక్తవ్యాధుల డాక్టరు ఈ మధ్య జీన్ థెరపీ ప్రయోగం గురించి చెప్పారు. "రక్తాన్ని తయారుచేసే మీ మూలకణాలు బయటికి తీసి, లెంటీవైరస్‌తో మంచి జన్యువు పెట్టి, తిరిగి ఎక్కిస్తారు. ఆలోచించుకోండి" అన్నారు. అది హెచ్ఐవీ నుంచి చేసిన వైరస్ అని ఇంట్లో తెలిసింది. "ఉన్న రోగం చాలక కొత్త రోగమా?" అని అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఇలాంటి వైద్యంతో ఫ్రాన్సులో పిల్లలకు బ్లడ్ క్యాన్సర్ వచ్చిందంటూ బావమరిది వరస కుర్రాడు ఫోనులో ఒక వార్త పంపాడు. పెళ్లి కుదిరి ఉంది. అమ్మాయికి అన్నీ తెలుసు. ఆమె తండ్రి మాత్రం "వైద్యం అయ్యాకే ముహూర్తం పెట్టుకుందాం, అప్పుడు పిల్లలకు రాదు కదా" అంటున్నారు. "వైరస్ నా జన్యువుల్లో తన జన్యువులను ఎలా ఇరికిస్తుంది? ఇరికించాక వెనక్కి తీయగలరా? నేను ఒప్పుకోవాలా, వద్దా?" అని అడిగారు.

మీ ఉత్తరంలో మూడు భయాలు ఒకే ముడిగా పడ్డాయి. వైరస్ రోగం తెస్తుందా అన్నది అమ్మ భయం. చెరిపేయలేని రాత ఎక్కడ పడుతుందో అన్నది మీ భయం. పిల్లల సంగతి మామగారిది. మూడింటికీ జవాబులు వేరు. ముందే చెప్పేస్తాను, మామగారు పెట్టిన షరతు తప్పు లెక్క మీద నిలబడి ఉంది. దానికి తర్వాత వస్తాను.

ముందు అమ్మగారి మాట. మన భాషలో అంటు అంటే రోగం అంటుకోవడమూ ఉంది, మామిడికి అంటు కట్టడమూ ఉంది. ఆమె మొదటి అర్థంలో విన్నారు, ఇక్కడ జరిగేది రెండోది. హెచ్ఐవీకి తొమ్మిది జన్యువులుంటాయి, మొత్తం రాత దాదాపు 9,700 అక్షరాలు. వైద్యానికి వాడే వాహకంలో, అంటే మంచి జన్యువును మోసుకెళ్లేలా మార్చిన వైరస్‌లో, వైరస్ సంతానం కనడానికి కావలసిన జన్యువులు ఉండవు. తయారీలో ఆ పనులను నాలుగు వేర్వేరు డీఎన్ఏ ముక్కలుగా విడదీస్తారు. కవచమూ ఎంజైములూ తయారుచేసేది ఒకటి, ఆర్‌ఎన్‌ఏను కణకేంద్రకం దాటించేది ఒకటి, పై తొడుగు చేసేది ఒకటి, మీకు కావలసిన ఫ్యాక్టర్ 8 జన్యువును మోసేది ఒకటి. ఈ నాలుగింటినీ ప్రయోగశాలలో పెంచిన మానవ కణాల్లోకి పంపుతారు. "నన్ను పెట్టెలో పెట్టు" అనే గుర్తు నాలుగో ముక్క మీదే ఉంటుంది. అందుకే బయటికొచ్చే రేణువుల్లో మంచి జన్యువు ఉంటుంది, దాన్ని అతికించే ఎంజైములు ఉంటాయి. ఆ ఎంజైములను మళ్లీ తయారుచేసే రాత ఉండదు. అది ఒక్కసారి ఒక్క కణంలోకి దూరుతుంది, అక్కడితో దాని పని సరి. తొడుగు కూడా హెచ్ఐవీది కాదు, పశువుల నోట్లో పొక్కులు తెచ్చే వేరే వైరస్‌ది. పైగా ఆ రేణువులను మీ నరంలోకి ఎక్కించరు. కణాలతో కలపడం ప్రయోగశాలలోనే జరుగుతుంది, ఆ తర్వాత కడిగేస్తారు. సంతానం కనే వైరస్ పొరపాటున పుట్టిందేమో వేరే పరీక్షతో చూస్తారు.

ఇక మీ ప్రశ్న, అంటు ఎలా కడుతుంది అన్నది. లెంటీవైరస్ లోపల రాత ఆర్‌ఎన్‌ఏగా ఉంటుంది. కణంలో దిగగానే దాని వెంట వచ్చిన ఎంజైము ఆ రాతను డీఎన్ఏగా మారుస్తుంది. ఆ డీఎన్ఏ, ప్రొటీన్లు కలిసిన మూట కేంద్రకపు పొరలో ఉండే రంధ్రాల గుండా లోపలికి పోతుంది. మునుపు జీన్ థెరపీకి వాడిన, ఇలాగే అంటు కట్టే ఎలుకల రెట్రోవైరస్‌కు ఈ విద్య రాదు, కణం చీలేటప్పుడు పొర కరిగేదాకా అది ఆగాలి. మూలకణాలు ఎక్కువ కాలం చీలకుండా నిద్రలో ఉంటాయి కాబట్టే వాటికి లెంటీవైరస్ నప్పింది.

లోపలికి వెళ్లాక అసలు పని ఇంటిగ్రేస్ అనే ఎంజైముది. వైరస్ డీఎన్ఏ రెండు కొసల నుంచీ రెండేసి అక్షరాలు చెక్కేస్తుంది. మీ డీఎన్ఏ రెండు పోగుల మీద అయిదు అక్షరాల ఎడంతో రెండు గాట్లు పెడుతుంది. చెక్కిన కొసలను ఆ గాట్లకు అతికిస్తుంది. మిగిలిన సందులను పూడ్చేది వైరస్ కాదు, మీ కణపు సొంత మరమ్మతు ఎంజైములు. అవి పూడ్చేసరికి అంటుకు రెండు పక్కలా అవే అయిదు అక్షరాలు రెండుసార్లు పడతాయి. ఇక ఆ కణం చీలినప్పుడల్లా కొత్త జన్యువు కూడా నకలవుతుంది. వెనక్కి తీయగలరా అని అడిగారు. తీయలేరు. ఈ వైద్యం బలమూ అదే, ప్రమాదమూ అదే.

ఎక్కడ అతుకుతుంది అన్నది మీ బావమరిది పంపిన వార్తకు సంబంధించిన విషయం. ఆ వార్త అబద్ధం కాదు, సగం మాత్రమే. 1999లో పారిస్‌లో, కొద్ది కాలానికి లండన్‌లో, రోగనిరోధక శక్తి లేకుండా పుట్టిన పిల్లలకు ఎలుకల రెట్రోవైరస్‌తో జీన్ థెరపీ చేశారు. ఇరవై మంది పిల్లల్లో చాలామందికి రోగనిరోధక శక్తి తిరిగి వచ్చింది. కానీ వైద్యమైన రెండు నుంచి ఆరేళ్ల లోపు అయిదుగురికి ల్యుకేమియా వచ్చింది, ఒకరు చనిపోయారు. ఆ వైరస్‌కు జన్యువుల ఆరంభపు స్విచ్చుల దగ్గర దిగే అలవాటుంది. దాని రెండు కొసల్లోనూ పొరుగు జన్యువులను గట్టిగా మేల్కొలిపే భాగం ఉంటుంది. ఆ పిల్లల్లో కొన్ని కణాల్లో అది ఎల్ఎంవో2 అనే జన్యువు పక్కన దిగింది. నిద్రపోవాల్సిన జన్యువు లేచి కూర్చుంది, ఆ కణం అదుపు లేకుండా పెరిగింది.

ఆ పాఠం నేర్చుకుని రెండు మార్పులు చేశారు. లెంటీవైరస్‌కు మారారు. ఇది కూడా పని జరుగుతున్న జన్యువుల్లోనే దిగుతుంది, అయితే ఆరంభపు స్విచ్చు దగ్గర కాకుండా జన్యువు నడుమ భాగంలో దిగడం ఎక్కువ. కణంలోని ఒక ప్రొటీన్ దాన్ని చెయ్యి పట్టుకుని అక్కడికి తీసుకుపోతుంది. రెండో మార్పు, కొసల్లోని ఆ మేల్కొలిపే భాగాన్ని కత్తిరించారు. ఒక కొసన దాదాపు 400 అక్షరాలు తీసేస్తే చాలు. ఆర్‌ఎన్‌ఏ డీఎన్ఏగా మారే క్రమంలో ఆ లోపం రెండో కొసకూ నకలవుతుంది. కాబట్టి మీ కణంలో దిగేసరికి రెండు కొసలూ మూగవి. ఫ్యాక్టర్ 8ను నడిపే స్విచ్చు లోపల విడిగా పెట్టినది.

ఆ లోపలి స్విచ్చు ఏదో తప్పక అడగాలి. మెదడు తెల్లపొర జబ్బు ఒకదానికి 2022లో అమెరికాలో అనుమతి పొందిన లెంటీవైరస్ వైద్యం ఉంది. ప్రయోగాల్లో 67 మంది పిల్లలకు చేస్తే ఏడుగురికి రక్త క్యాన్సర్లు వచ్చాయని 2024 అక్టోబరులో ప్రచురించారు. దాని కొసలు కత్తిరించినవే. కానీ లోపల పెట్టిన స్విచ్చు ఒక వైరస్ నుంచి తెచ్చిన బలమైనది, మూలకణాల్లో కూడా మోగుతుంది. లెంటీవైరస్ అయితే భయమే లేదని ఎవరైనా చెబితే నమ్మకండి. అన్ని లెంటీవైరస్ వైద్యాలూ ఒకటేనని చెప్పినా నమ్మకండి.

లెక్క కూడా చూడండి. కిలోకు 50 లక్షల మూలకణాల చొప్పున 60 కిలోల మనిషికి 30 కోట్ల కణాలు ఎక్కిస్తారనుకుందాం. ఒక్కో కణంలో సగటున ఒక్కో అంటు, ఒక్కోటి ఒక్కో చోట. కోట్ల చోట్ల గాట్లన్న మాట. వాటిలో చాలాకాలం నిలిచి రక్తాన్ని తయారుచేసేవి కొద్ది భాగమే. మిగతావి రాలిపోతాయి. కణానికి ఎన్ని అంట్లు పడ్డాయన్నది కొలుస్తారు. తక్కువైతే ఫ్యాక్టర్ చాలదు, మరీ ఎక్కువైతే చెడు చోట పడే అవకాశం పెరుగుతుంది. ఈ సంఖ్యను పట్టుకుని చేసే సాముగరిడీయే ఈ వైద్యం.

మీకు చెప్పిన పద్ధతి మన దేశంలో వెల్లూరు సీఎంసీ ఆసుపత్రిలో జరిగింది, ఫలితాలు 2024 డిసెంబరులో వచ్చాయి. తీవ్ర హీమోఫిలియా-ఏ ఉన్న 22 నుంచి 41 ఏళ్ల మగవాళ్లు అయిదుగురు. వాడిన స్విచ్చు మనిషి జన్యువు నుంచే తీసుకున్నది, ప్రధానంగా మోనోసైట్ వంటి తెల్లరక్తకణాల్లో మోగేది. మొదటి ఇద్దరిలో ఫ్యాక్టర్ స్థాయి మధ్యస్థంగా 5.2, 1.7 శాతాల దగ్గర నిలిచింది. తర్వాతి ముగ్గురి కణాలను వైరస్ బాగా దూరేలా చేసే ఒక పదార్థంతో కలిపారు. వాళ్లలో అది 19 నుంచి 40 శాతం మధ్య. చూసినంత కాలం అయిదుగురికీ రక్తస్రావాలు సున్నా. అయితే అందరి గమనింపు కలిపితే 81 నెలలు, ఎక్కువ కాలం చూసిన మనిషిని 27 నెలలు. పారిస్‌లో ల్యుకేమియా రెండు నుంచి ఆరేళ్లలో బయటపడిందని పైన చెప్పాను. ఆ రెండు సంఖ్యలనూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. అయిదుగురిలో బాగున్నది ఆరో మనిషికీ బాగుండవచ్చు. అరుదైన ప్రమాదం ఎంత అరుదో చెప్పడానికి మాత్రం అయిదుగురు చాలరు.

ఉత్తరంలో మీరు ఒక్క మాట కూడా అనని విషయం నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. వైరస్ గురించి పేజీలు రాశారు, కీమో గురించి రాయలేదు. కొత్త కణాలకు ఎముక మజ్జలో చోటు కావాలంటే పాత కణాలను తీసేయాలి, దానికి బలమైన కీమో ఇస్తారు. అంతకు ముందు మజ్జలోని మూలకణాలను రక్తంలోకి రప్పించే ఇంజెక్షన్లు, యంత్రంతో వాటిని వేరుచేయడం ఉంటాయి. కీమో తర్వాత రెండు, మూడు వారాలు తెల్లకణాలూ ప్లేట్‌లెట్లూ అడుగంటుతాయి. ఫ్యాక్టర్ లేని మనిషికి ప్లేట్‌లెట్లు కూడా పడిపోతే రక్తస్రావానికి రెండు తలుపులూ తెరుచుకున్నట్టే. అందుకని ఆ రోజుల్లో ఫ్యాక్టర్ క్రమం తప్పకుండా ఎక్కిస్తూ ఉండాలి. ఇన్ఫెక్షన్ భయం ఉంటుంది. కీమో వల్ల సంతాన సామర్థ్యం దెబ్బతినవచ్చు. కీమోకు సొంతంగానే చాలా ఏళ్ల తర్వాత రక్త క్యాన్సర్ తెచ్చే చిన్న ప్రమాదమూ ఉంది. వైద్యంలో మొదటి నెల మీకు నిజంగా కష్టంగా గడిచేది వైరస్ వల్ల కాదు, దీనివల్ల.

ఇది కాక ఇంకో దారి ఉంది, ఏఏవీ అనే చిన్న వైరస్. కీమో అక్కర్లేదు, ఒక్కసారి నరంలోకి ఎక్కిస్తారు, కాలేయ కణాల్లోకి పోతుంది. అది ఎక్కువగా అంటు కట్టదు. జన్యువు గుండ్రటి డీఎన్ఏగా మారి క్రోమోజోముల పక్కన విడిగా ఉంటుంది, కొద్దిపాటి మాత్రమే అతుకుతుంది. అందుకే చీలుతూ ఉండే రక్త కణాలకు అది పనికిరాదు, చీలినప్పుడల్లా పలచబడిపోతుంది. దాని సంచి కూడా చిన్నది, దాదాపు 4,700 అక్షరాలే పడతాయి. ఫ్యాక్టర్ 8 రాత మొత్తం ఏడు వేలు. నడుమ అవసరం లేని భాగాన్ని తీసేసి దాదాపు 4,400 చేసి బలవంతంగా కూరారు. హీమోఫిలియా-ఏకు ఇలాంటి మందుకు ఐరోపాలో 2022లో, అమెరికాలో 2023లో అనుమతి వచ్చింది. మొదటి ఏడాది ఫ్యాక్టర్ బాగా ఉంటుంది, తర్వాత ఏటేటా తగ్గుతుంది. కాలేయం వాస్తే నెలల తరబడి స్టెరాయిడ్లు వాడాలి. ఒకసారి ఎక్కించుకుంటే ఆ వైరస్‌కు ప్రతిరక్షకాలు పుడతాయి, రెండోసారి ఎక్కించినా పనిచేయదు. ధర ఒక్కో మోతాదుకు 29 లక్షల డాలర్లుగా పెట్టారు. ప్రయోగంలో దొరికితే తప్ప మీ చేతికి అందేది కాదు కాబట్టి దాని మీద ఎక్కువ సేపు ఆగను.

మూడో దారి జన్యువుల జోలికి వెళ్లకపోవడం. ఎమిసిజుమాబ్ అనే ఇంజెక్షన్ ఉంది. రక్తం గడ్డకట్టడంలో ఫ్యాక్టర్ 8 చేసే వంతెన పనిని అది చేస్తుంది. నరం వెతకనక్కర్లేదు, చర్మం కింద వేసుకోవచ్చు. 60 కిలోల మనిషికి మొదటి నాలుగు వారాలు వారానికి 180 మిల్లీగ్రాములు, తర్వాత వారానికి 90, లేదా రెండు వారాలకు 180, లేదా నాలుగు వారాలకు 360. దెబ్బ తగిలినా, శస్త్రచికిత్స అయినా ఫ్యాక్టర్ అవసరం పడుతుంది. ఇది వాడుతున్నప్పుడు రక్తం గడ్డకట్టే సమయం చూసే ఏపీటీటీ పరీక్ష అంతా మామూలుగా ఉన్నట్టు తప్పు చూపిస్తుంది. ఈ మందు మీదున్నానని ఏ ఆసుపత్రికి వెళ్లినా ముందు చెప్పాలి. జీవితాంతం వేసుకోవాలి, సరఫరా ఆగితే రక్షణ ఆగుతుంది. కానీ నచ్చకపోతే మానేయవచ్చు. అంటుకు ఆ సౌకర్యం లేదు.

నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెబుతాను, నిర్ణయం మీదే. మీకు ఎమిసిజుమాబ్ గానీ ఫ్యాక్టర్ గానీ క్రమం తప్పకుండా దొరికే దారి ఉంటే, రెండు మూడేళ్లు ఆగి ఆ అయిదుగురి సంగతీ తర్వాత చేరినవాళ్ల సంగతీ చూడటం పిరికితనం కాదు. దొరికినప్పుడు ఎక్కించుకుని దొరకనప్పుడు ఐసు పెట్టుకోవడమే మీ గతి అయితే ఆగడానికీ ధర ఉంది. ప్రతి రక్తస్రావం మోకాలిని ఇంకొంచెం తింటుంది, తలలో రక్తస్రావమైతే ప్రాణానికే ముప్పు. అలాంటప్పుడు ప్రయోగం వైపు త్రాసు మొగ్గుతుంది. ఒక్కటి గుర్తుంచుకోండి, ఏ జీన్ థెరపీ కూడా పాడైన మోకాలిని తిరిగి ఇవ్వదు. దానికి ఫిజియోథెరపీ, అవసరమైతే శస్త్రచికిత్స. అయిదు శాతం ఫ్యాక్టర్ వచ్చినా తీవ్ర జబ్బు తేలికపాటి అంచుకు చేరుతుంది. 40 దాటితే దాదాపు మామూలే.

ఇప్పుడు మామగారి షరతు. ఈ వైద్యం మీ రక్త మూలకణాలను మారుస్తుంది, వీర్యకణాలను కాదు. మీకు ఫ్యాక్టర్ నూరు శాతం వచ్చినా మీ పిల్లలకు వెళ్లే ఎక్స్ క్రోమోజోము పాతదే. కొడుకులకు మీ నుంచి వై వెళుతుంది, కాబట్టి అమ్మాయి వైపు ఈ జబ్బు లేకపోతే కొడుకులకు రాదు. వైద్యం చేయించుకున్నా, చేయించుకోకపోయినా ఇదే. కూతుళ్లందరూ వాహకులవుతారు, అంటే జబ్బు జన్యువును మోస్తారు, ఇదీ వైద్యంతో మారదు. వైద్యం ముందా, ముహూర్తం ముందా అన్నదానికీ పిల్లల ఆరోగ్యానికీ సంబంధమే లేదు. నిజానికి సంబంధం తిరగేసి ఉంది. కీమో తర్వాత పిల్లలు పుట్టకపోవచ్చు. ప్రయోగానికి ఒప్పుకుంటే మొదటి ఇంజెక్షన్ కన్నా ముందు వీర్యం నిల్వ చేయించండి. ఈ మాట అమ్మాయితో మీరే చెప్పండి, పెద్దల ద్వారా వద్దు. పెద్దలకు మీ డాక్టరు చేత చెప్పించడం మేలు.

ఇంకొకటి కూడా ఆమెకూ మామగారికీ ముందే తెలియాలి. లెంటీవైరస్ వాహకంలో హెచ్ఐవీ రాత కొంత మిగిలి ఉంటుంది. వైద్యం తర్వాత వైరస్ రాతను నేరుగా వెతికే పీసీఆర్ పద్ధతిలో హెచ్ఐవీ పరీక్ష చేస్తే లేని రోగం ఉన్నట్టు చూపించవచ్చు. ఉద్యోగానికో వీసాకో ఎవరైనా పరీక్ష అడిగితే ప్రయోగ కేంద్రం ఇచ్చిన ఉత్తరం చూపించి, ప్రతిరక్షకాల పద్ధతిలో చేయమనాలి. ఆ ఉత్తరం ఇస్తారా అని సంతకానికి ముందే అడగండి.

అమ్మగారికి పైన రాసిన నాలుగు ముక్కల సంగతి చదివి వినిపించండి. తమ్ముణ్ని పోగొట్టుకుని, కొడుక్కి తన నుంచే వచ్చిందని ఇరవై ఏడేళ్లుగా మోస్తున్న మనిషి ఆమె. వైరస్ అనగానే అన్నం మానేయడంలో అది కూడా ఉందనుకుంటాను. వెళ్లేటప్పుడు ఆమెనూ వెంట తీసుకెళ్లండి.

వెళ్లే ముందు ఫ్యాక్టర్‌కు ఇన్హిబిటర్లు, అంటే ఎక్కించిన ఫ్యాక్టర్‌ను పనిచేయనివ్వని ప్రతిరక్షకాలు, ఉన్నాయేమో పరీక్ష చేయించండి. వెల్లూరు ప్రయోగం అవి లేనివాళ్లతోనే జరిగింది. కాలేయ పరీక్షలు, హెపటైటిస్-బీ, సీ, హెచ్ఐవీ కాగితాలు దగ్గర పెట్టుకోండి. అక్కడ అడగాల్సినవి ఇవి. లోపల పెట్టిన స్విచ్చు ఏది? కణానికి ఎన్ని అంట్లు పడాలని అనుకుంటున్నారు, పై హద్దు ఎంత? అంట్లు ఎక్కడ పడ్డాయో ఎన్నాళ్లకోసారి చూస్తారు, ఒకే కణం సంతతి పెరిగిపోతుంటే ఏం చేస్తారు? కొత్త కణాలు పట్టుకోకపోతే తిరిగి ఎక్కించడానికి మార్చని మూలకణాలు కొన్ని విడిగా దాచి ఉంచుతారా? పదిహేనేళ్లు గమనించడానికి ప్రయాణ ఖర్చు ఎవరిది? ప్రయోగం వల్ల హాని జరిగితే ఉచిత వైద్యమూ పరిహారమూ ఇవ్వాలని మన 2019 నిబంధనల్లో ఉంది, ఆ భాగం సమ్మతి పత్రంలో ఎక్కడుందో వేలు పెట్టి చూపించమనండి. ప్రయోగం నుంచి ఎప్పుడైనా తప్పుకోవచ్చని కూడా ఆ పత్రంలో ఉంటుంది. అది నిజమే, అయితే కీమో మొదలయ్యాక ఆ హక్కుకు అర్థం మారిపోతుంది. మూలకణాలు తీసిన తర్వాత కూడా ఆగవచ్చు, కీమో మొదటి రోజు ఉదయం వరకూ ఆగవచ్చు. ఆ తర్వాత ఆగితే మజ్జ ఖాళీగా మిగులుతుంది. పత్రాన్ని తెలుగులో అడిగి తీసుకుని ఇంటికి తెచ్చుకోండి, అదే రోజు సంతకం పెట్టకండి.